తుంటి విరుపు, మోకాటి నొప్పి: శస్త్రచికిత్స చరిత్రలో ఒక విస్మృత అధ్యాయం

కీలక పదాలు: వైద్యచరిత్ర, తుంటి విరుపు, మోకాటి నొప్పి, వార్ధక్యం, ఎముకల శస్త్రచికిత్స, ఎండర్ మేకులు

ఉపోద్ఘాతం

తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయని తెలుగులో ఒక సామెత ఉంది. పొంతనలేని కార్యకారణ సంబంధాన్ని పరిహసించడానికి దీనిని వాడుతారు. ఒకచోట తగిలిన దెబ్బకు మరొకచోట ఫలితం కనబడడం అసంగతమన్న లోకజ్ఞానం ఈ సామెతకు మూలం. చిత్రమేమంటే, ఈ పరిహాసానికి సామెత ఎంచుకొన్న అవయవం విషయంలోనే శరీరనిర్మాణశాస్త్రం లోకజ్ఞానంతో విభేదిస్తుంది. తుంటికి దెబ్బ తగిలితే పళ్ళు రాలవు గాని మోకాలు నొస్తుంది. తుంటి కీలులో పుట్టిన బాధ మోకాటిలో తెలియడం వైద్యులు రెండు శతాబ్దాలుగా ఎరిగిన విషయం.

వృద్ధాప్యంలో జారిపడి తుంటి ఎముక విరిగినవారు శస్త్రచికిత్స తరువాత తిరిగి నడక మొదలుపెట్టేటప్పుడు తరచుగా చెప్పే బాధలలో మోకాటి నొప్పి ఒకటి. ఎక్స్‌రేలో ఎముక కుదురుగా ఉంటుంది, గాయం మానుతుంది, కుట్లు తీస్తారు. అయినా మనిషి మంచం దిగడు. ఎక్కడ నొప్పి అని అడిగితే మోకాలు చూపిస్తాడు. దీనికి ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ సాధారణంగా లభించే సమాధానం ఒక్కటే: వయసు మీదపడింది, గుజ్జు అరిగింది. ఈ సమాధానం కొన్నిసార్లు నిజం, అన్నిసార్లూ కాదు. నిజం కానప్పుడు దానివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మోకాటి బాధతో నడక మానినవారికి తుంటి శస్త్రచికిత్స ఇచ్చిన ప్రయోజనం పడకలోనే కరిగిపోతుంది. కండరాలు క్షీణిస్తాయి, ఊపిరితిత్తులలో కఫం చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి.

తుంటి విరుపు చికిత్స చరిత్రను ఎముక అతికిందా, రోగి బ్రతికాడా అన్న రెండు ప్రశ్నల చుట్టూ రాయడం పరిపాటి. అదే చరిత్రను మోకాటి వైపు నుంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీన వైద్యగ్రంథాలలో

సుశ్రుతసంహిత అస్థిభగ్నాలను సంధిముక్తం, కాండభగ్నం అని రెండుగా విభజించి, మొదటిదానిలో ఆరు, రెండవదానిలో పన్నెండు భేదాలను చెప్పింది. తొడ, పిక్క ఎముకలు విరిగినప్పుడు రోగిని కపాటశయనం మీద, అంటే తలుపుచెక్క వంటి పలకమీద పడుకోబెట్టి, కాలు కదలకుండా అయిదు మేకులు అమర్చాలని విధించింది. కీలుకు రెండువైపులా రెండేసి, పాదం అడుగున ఒకటి అన్నది ఆ అమరిక. విరిగిన ఎముక కదలకూడదంటే దానికి పైనా కిందా ఉన్న కీళ్ళను కూడా బంధించాలన్న సూత్రం ఇందులో స్పష్టంగా ఉంది. మోకాలు ఆ విధంగా మొదటినుంచీ తుంటి చికిత్సలో భాగస్వామి.

వయసు గురించి సుశ్రుతుడు చెప్పిన లెక్క కూడా గమనింపదగినది. బాల్యంలో విరుపు ఒక నెలలో స్థిరపడితే, నడివయసులో దానికి రెట్టింపు, వార్ధక్యంలో మూడురెట్లు కాలం పడుతుందని ఆయన నిర్ణయం. ఈ రెండు విధులను కలిపి చదివితే ఒక ఇబ్బంది బయటపడుతుంది. పలకమీద మూడు నెలలు కట్టుబడి ఉన్న వృద్ధుడి మోకాలు ఏమవుతుంది? అరచేయి విరిగినవారికి మొదట మట్టిముద్ద, తరువాత ఉప్పుగడ్డ, ఆపైన రాయి పట్టించి క్రమంగా బలం రప్పించాలని చెప్పిన గ్రంథమిది. కనుక పునరభ్యాసమన్న ఊహ ఆ వైద్యానికి కొత్త కాదు.

చరకసంహిత విరుపుల గ్రంథం కాదు గాని, నొప్పి ప్రయాణం చేస్తుందన్న సంగతి దానికి బాగా తెలుసు. గృధ్రసి లక్షణాలు చెప్పేటప్పుడు పిరుదు దగ్గర మొదలై నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదం వరకు వరుసగా దిగే బాధను అది వర్ణించింది. వాతరోగాలు ఎనభైలో మోకాటికి సంబంధించినవి వేరుగానే ఉన్నాయి. అంటే మోకాటి సొంత రోగం, పైనుంచి మోకాటికి దిగిన రోగం వేరని ఆ సంప్రదాయం గుర్తించింది. గృధ్రసి నడుమునుంచి వచ్చే నరాల బాధ. తుంటి కీలునుంచి వచ్చే బాధ దానికి భిన్నమైనది. ఆ భేదం తేలడానికి శవపరీక్షలు, నరాల విచ్ఛేదనం కావలసి వచ్చాయి.

కూపర్ చెప్పిన దిండు

తొడ ఎముక మెడ విరగడాన్ని 16వ శతాబ్దంలోనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పరే గుర్తించాడు. కాని ఆ విరుపును శాస్త్రీయంగా విభజించి చూపిన గౌరవం లండన్‌కు చెందిన ఆస్ట్లీ కూపర్‌ది. 1822లో వెలువడిన కీళ్ళ తొలగుళ్ళు, విరుపుల గ్రంథంలో ఆయన కీలు తొడుగుకు లోపల విరిగినవాటిని, బయట విరిగినవాటిని వేరుచేశాడు. లోపల విరిగినవి ఎముకగా అతకడం దాదాపు అసంభవమని, తల భాగానికి రక్తప్రసారం తెగిపోవడమే అందుకు ముఖ్యకారణమని ఆయన అభిప్రాయం. సమకాలికులు దీనిని తీవ్రంగా ఖండించారు. ఆ వాదవివాదం అనేక దశాబ్దాలు నడిచింది.

ఈ వివాదపు హోరులో కూపర్ చెప్పిన మరో మాట మరుగునపడింది. తనకే ఈ ప్రమాదం జరిగితే ఏ చికిత్స కోరుకొంటాడో ఆయన ఆ గ్రంథంలో రాశాడు. కాలు పొడవునా కింద ఒక దిండు, మోకాలి కింద మరొక దిండు చుట్టి పెట్టి, నొప్పి, వాపు తగ్గేవరకు పదిపదిహేను రోజులు ఉంచి, ఆపైన రోజూ లేచి ఎత్తైన కుర్చీలో కూర్చొంటానని, తరువాత ఊతకర్రలతో నడుస్తానని దాని సారాంశం. ఎముక అతకదని నమ్మినవాడు గనుకనే ఎముకను వదలి మనిషిని పట్టించుకొన్నాడు. కుర్చీ ఎత్తుగా ఉండాలన్న మాటలో ఎంత అనుభవం ఉందో, పల్లపు మంచంమీదినుంచి లేవలేక అవస్థపడే వృద్ధులను చూసినవారికి తెలుస్తుంది. మోకాటిని కాస్త వంచి ఉంచితే తొడ కండరాలు సడలి నొప్పి తగ్గుతుందని ఆయన దిండు చెబుతోంది. తరువాతి శతాబ్దం ఈ దిండును తీసివేసి మోకాటిని నిటారుగా బిగించింది.

పిల్లల రోగం నేర్పిన పాఠం

తుంటిలో పుట్టిన నొప్పి మోకాటిలో తెలుస్తుందన్న జ్ఞానం వృద్ధుల విరుపులనుంచి రాలేదు, పిల్లల క్షయనుంచి వచ్చింది. 19వ శతాబ్దపు ఐరోపా ఆసుపత్రులు తుంటి క్షయతో కుంటే పిల్లలతో నిండి ఉండేవి. 1818లో కీళ్ళ వ్యాధులపై గ్రంథం ప్రకటించిన బెంజమిన్ బ్రోడీ, తుంటి వ్యాధి మొదటి దశలో రోగి మోకాటి నొప్పి గురించి చెప్పడం గమనించాడు. జబ్బు తుంటిలో ఉండగా మోకాటికి మందులు రాసే పొరపాటు ఆ కాలంలో సర్వసాధారణం.

ఇలా ఎందుకు జరుగుతుందో నరాల దారులు చూపి వివరించినవాడు జాన్ హిల్టన్. 1860-62 మధ్య లండన్ రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 1863లో గ్రంథంగా వెలువడ్డాయి. ఒక కీలును కదిలించే కండరాలకు, ఆ కండరాలు అంటుకొనే చోటి చర్మానికి, ఆ కీలు లోపలికి ఒకే నరపు శాఖలు పోతాయన్నది ఆయన పేరుతో నిలిచిన సూత్రం. తుంటి కీలుకు కొమ్మనిచ్చిన ఆబ్టురేటర్ నరమే కిందికి దిగి మోకాటికీ కొమ్మనిస్తుంది. ఫెమోరల్ నరం కూడా అంతే. ఈ రెండూ నడుము వెన్నులోని రెండవ, మూడవ, నాలుగవ నరమూలాలనుంచే పుడతాయి. మెదడుకు చేరిన సంకేతం ఏ కొమ్మనుంచి వచ్చిందో పోల్చుకోవడంలో తడబాటు జరుగుతుంది. ఇంటి చిరునామా ఒకటే అయినప్పుడు ఉత్తరం ఏ గదివారిదో తేలనట్టు.

తుంటి క్షయ తగ్గుముఖం పట్టిన తరువాత కూడా ఈ పాఠం పిల్లల వైద్యంలోనే నిలిచిపోయింది. 1910లో లెగ్, కాల్వే, పెర్తెస్ వేరువేరుగా వర్ణించిన బాల్యపు తుంటివ్యాధి గురించీ, కౌమారంలో తొడ ఎముక తల జారే వ్యాధి గురించీ చెప్పేటప్పుడు, మోకాలు నొస్తుందన్న పిల్లవాడి తుంటిని పరీక్షించకుండా పంపరాదని నేటికీ వైద్యవిద్యార్థులకు నూరిపోస్తారు. మోకాలు నొస్తుందన్న ముసలివారి విషయంలో ఇంత గట్టి హెచ్చరిక పాతుకుపోలేదు. దానికి కారణం ఊహించడం కష్టం కాదు. పిల్లవాడి మోకాలు నొప్పి పుట్టడం అసహజంగా కనిపిస్తుంది గనుక వైద్యుడు కారణం వెతుకుతాడు. ముసలివారిది సహజంగా తోస్తుంది గనుక వెతకడు. పడిన తరువాత విరిగిన ముక్కలు ఒకదానిలో ఒకటి గుచ్చుకొని నిలిచిపోయినవారు కొందరు నడుస్తూనే ఆసుపత్రికి వస్తారు. వారు చూపేది మోకాలైతే, మోకాటికే ఎక్స్‌రే తీసి పంపే ప్రమాదం ఉంది.

20వ శతాబ్దంలో ఈ విషయాన్ని ప్రయోగంతో నిరూపించినవాడు జోనాస్ కెల్‌గ్రెన్. 1930వ దశకం చివర లండన్ యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రిలో థామస్ లూయిస్ వద్ద పనిచేస్తూ, కండరాలలోకీ వెన్ను బంధనాలలోకీ గాఢమైన ఉప్పునీరు ఎక్కించి, నొప్పి ఎక్కడ తెలుస్తుందో పటాలు గీశాడు. లోతుగా ఉన్న కణజాలాల బాధ దూరప్రదేశాలలో తెలుస్తుందని తేల్చాడు. ఇదే కెల్‌గ్రెన్ 1957లో లారెన్స్‌తో కలిసి కీళ్ళ అరుగుదలకు ఎక్స్‌రే ఆధారంగా సున్నానుంచి నాలుగువరకు తరగతులు నిర్ణయించాడు. మోకాటిలో తెలిసే నొప్పి మోకాటిది కాకపోవచ్చునన్న రుజువు, మోకాటి ఎక్స్‌రే చూసి దానినే దోషిగా నిలబెట్టే కొలబద్ద, రెండూ ఒక్క చేతినుంచే వచ్చాయి. వాడుకలో గెలిచింది రెండవది. ఎక్స్‌రేలో కనబడే అరుగుదలకూ రోగి చెప్పే నొప్పికీ సరితూగని సందర్భాలు ఎన్నో ఉన్నాయని తరువాతి పరిశోధకులు పదేపదే చెప్పినా ఫిల్ముకున్న అధికారం మాటకు రాలేదు.

కట్టులో చిక్కిన మోకాలు

1861లో న్యూయార్క్ వైద్యుడు గర్డన్ బక్ అంటుపట్టీలు, తాడు, కప్పీ, బరువు ఉపయోగించి విరిగిన తొడను లాగి ఉంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఇది విస్తృతంగా వాడబడింది. నేటికీ శస్త్రచికిత్సకు ముందు ఆసుపత్రులలో కాలికి వేలాడదీసే బరువు ఈ పద్ధతికి వారసురాలే. పట్టీని మోకాలి దిగువన వేసి తుంటిని లాగితే, ఆ లాగుడంతా మోకాటి బంధనాల మీదుగా పోక తప్పదు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో స్టైన్‌మన్ పిన్ను వచ్చింది. దానిని పిక్క ఎముక పైభాగంలో గుచ్చినప్పుడూ మార్గం అదే. మెల్‌బోర్న్‌కు చెందిన హామిల్టన్ రసెల్ 1924లో ప్రకటించిన అమరికలో మోకాలి కింద ఒక ఉయ్యాలపట్టీ ఉంది. వంద సంవత్సరాల తరువాత కూపర్ దిండు మరో రూపంలో తిరిగివచ్చింది.

ఈ మధ్యకాలంలోనే రాయల్ విట్‌మన్ పద్ధతి వచ్చింది. న్యూయార్క్‌లో పనిచేసిన విట్‌మన్ 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో, కాలిని పక్కకు చాచి లోపలికి తిప్పి, ఆ స్థితిలో ఛాతీనుంచి కాలివేళ్ళవరకు ప్లాస్టర్ కట్టు వేయడాన్ని బోధించాడు. అతకదని చేతులెత్తేసిన విరుపు అతకగలదని ఈ పద్ధతి చూపింది. అందులో సందేహం లేదు. కాని డెబ్బయి ఏళ్ళు దాటిన మనిషి నెలల తరబడి ఛాతీనుంచి పాదంవరకు గట్టి పెంకులో ఉండడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కట్టు విప్పిన నాటికి తుంటి అతికి, మోకాలు కొయ్యబారేది. మోకాటిని మళ్ళీ వంచడానికి పట్టే నెలలు, ఆ వంచడంలోని నరకం చికిత్సలో భాగంగా లెక్కకు రాలేదు. అది రోగి ఓర్పుకు సంబంధించిన విషయంగా మిగిలిపోయింది. 1935లో కెలాగ్ స్పీడ్ ఈ విరుపును పరిష్కారం దొరకని విరుపుగా పేర్కొన్నప్పుడు ఆయన దృష్టి ఎముకమీదే ఉంది.

అప్పటికే పరిష్కారం దారిలో ఉంది. నార్వేలో పుట్టి బోస్టన్‌లో స్థిరపడిన మారియస్ స్మిత్-పీటర్సన్ 1925నుంచి మూడు రెక్కల ఉక్కుమేకుతో విరిగిన మెడను బిగించసాగాడు. 1931లో ఫలితాలు ప్రకటించాడు. మరుసటి సంవత్సరం స్వీడన్‌లో స్వెన్ యొహాన్సన్ మేకు మధ్యలో బెజ్జం పెట్టి, సన్నని తీగ ఆధారంగా దానిని దింపే ఉపాయం కనిపెట్టాడు. దీనితో ప్లాస్టర్ అవసరం పోయింది, రోగి కొద్దిరోజులలోనే మోకాలు వంచి కూర్చోగలిగాడు. ఈ విప్లవాన్ని గ్రంథాలు తుంటి విజయంగా వర్ణిస్తాయి; దాని మొదటి లబ్ధిదారు మోకాలు.

మోకాటి దారిన తుంటికి

మేకులు, పలకలు, కృత్రిమ తలలు ఒకదాని వెంట ఒకటి వచ్చిన తరువాత, ఆస్ట్రియాలో 1970లో ఎండర్, సైమన్-వైడ్నర్ ప్రకటించిన పద్ధతి మోకాటి చరిత్రలో విశిష్టమైనది. తొడ ఎముక మెడకు దిగువన విరిగినవారిలో విరిగిన చోట కోత పెట్టకుండా, మోకాటి లోపలివైపు ఎముక ఉబ్బెత్తుకు కాస్త పైన చిన్న రంధ్రం చేసి, అక్కడినుంచి వంగే గుణమున్న గుండ్రని ఉక్కుమేకులను తొడ ఎముక బోలులోగుండా పైకి నడిపి, తుంటి తలలో విసనకర్ర పుల్లల్లా విచ్చుకొనేట్టు చేయడం ఆ పద్ధతి. మేకు మందం 4.5 మిల్లీమీటర్లు, మూడునుంచి అయిదువరకు వేసేవారు. ఎక్స్‌రే తెరమీద చూస్తూ చేసే పని. రక్తస్రావం స్వల్పం, సమయం తక్కువ, తుంటి దగ్గర గాయం లేదు గనుక చీము పట్టే భయమూ తక్కువ. మత్తుకు తట్టుకోలేని బలహీన వృద్ధులకు ఇది వరమని 1970వ దశకంలో ఐరోపా, అమెరికాలలో ఎందరో శస్త్రవైద్యులు ఆదరించారు.

తుంటిని కాపాడడానికి మోకాటిలో తలుపు తెరవడమన్నది సాహసమే. ఆ తలుపు మళ్ళీ సరిగా మూసుకోలేదు. వృద్ధుల ఎముక గుల్లబారి ఉంటుంది. విరిగినచోట నడకభారం పడినకొద్దీ ముక్కలు ఒకదానిలోకొకటి దిగి ఎముక కురచవుతుంది. మేకు పొడవు మాత్రం తగ్గదు. అది ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. వచ్చిన దారినే వెనక్కి జారింది. తుంటి దగ్గర కుంగిన ఎముక మోకాటి దగ్గర ఉక్కుమొనగా పొడుచుకువచ్చింది. మోకాలు వంచినప్పుడల్లా ఆ మొనలు కండరాలను, కీలు తొడుగును రాపాడించేవి. మోకాటి నొప్పి, మోకాలు వంగకపోవడం, మేకులు తీయడానికి మళ్ళీ శస్త్రచికిత్స ఈ పద్ధతికి ముద్రలయ్యాయి. మరో లోపం కూడా ఉంది. సన్నని మేకులు కాలు పక్కకు తిరగడాన్ని నిరోధించలేవు. పాదం బయటికి తిరిగిన స్థితిలోనే ఎముక అతికినవారిలో మోకాలు నడిచే దిశకు ఎదురుగా ఉండదు, ప్రతి అడుగూ దానిని మెలిపెడుతుంది.

ఇదే సమస్యకు 1950వ దశకంలో మొదలై 1960వ దశకంలో మెరుగుపడిన జారుడు స్క్రూ వేరే జవాబు చెప్పింది. తలలో బిగించిన స్క్రూ, తొడ పక్కన పలకకున్న గొట్టంలోకి జారగలదు. ఎముక కుంగినంతమేర స్క్రూ వెనక్కి జారి తొడ బయటివైపు తేలుతుంది. కుంగడం రెండింటిలోనూ ఒకటే. ఒకదానిలో ఆ భారం మోకాటిమీద పడింది, రెండవదానిలో తొడమీద. 1980వ దశకంలో రెండు పద్ధతులనూ పోల్చిన పరీక్షలు స్క్రూవైపే మొగ్గాయి; ఎండర్ మేకులు క్రమంగా పాఠ్యగ్రంథాలకు పరిమితమయ్యాయి.

ఎండర్ పద్ధతి విఫలమైందని ముగించడం సులువు. చరిత్రకారుడికి మాత్రం అది ఒక మేలు చేసింది. తుంటి శస్త్రచికిత్స ఫలితాల పట్టికలలో మోకాటి నొప్పి అన్న గడి ఈ పద్ధతి మూలంగా స్థిరంగా కనిపిస్తుంది. నొప్పికి కారణం శస్త్రవైద్యుడి ఉక్కు గనుక దానిని లెక్కించక తప్పలేదు. ఉక్కు తుంటి దగ్గరే ఉన్న పద్ధతులకు వచ్చేసరికి ఆ గడి తరచుగా మాయమవుతుంది. ఆ రోగుల మోకాళ్ళు నొప్పి పుట్టలేదని దీని అర్థం కాదు. వారి మోకాటి నొప్పికి బాధ్యుడు లేడు, అంతే.

1980వ దశకం చివర గామా మేకు, తరువాత తొడ పొడవునా దిగే దీర్ఘమేకులు వచ్చి ఉక్కును మళ్ళీ మోకాటి సమీపానికి తెచ్చాయి. తొడ ఎముకకు ముందుకు ఒంపు ఉంటుంది, వయసుతో అది పెరగవచ్చు. మేకు ఒంపు దానితో కలవకపోతే కింది కొన మోకాటిపైన ఎముక ముందు గోడను ఒత్తుతుంది. కింద బిగించే అడ్డస్క్రూ తల మోకాటి పక్కనుంచి పోయే పట్టీని రాపాడించవచ్చు. ఇది ఎండర్ కథకు చిన్న కొనసాగింపు, అంత తీవ్రమైనది కాదు.

కొలమానాలలో మోకాలు

1969లో అమెరికా శస్త్రవైద్యుడు విలియం హారిస్ ప్రకటించిన తుంటి కొలమానం నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మొత్తం 100 అంకెలలో 44 నొప్పికి, 47 పనితీరుకు, మిగిలిన 9 కీలు కదలికకు, వంకరలు లేకపోవడానికి. పనితీరు అంటే కుంటడం, ఊతకర్ర, నడవగల దూరం, మెట్లెక్కడం వంటివి. మోకాలు నొస్తున్న రోగి వీటన్నిటిలో అంకెలు కోల్పోతాడు. ఆ లోటు తుంటి ఖాతాలో జమపడుతుంది. తక్కువ అంకెలు చూసిన వైద్యుడు తుంటికి మళ్ళీ ఎక్స్‌రే తీయిస్తాడు.

ఈ చిక్కును స్పష్టంగా గ్రహించినవాడు ఇంగ్లండ్‌లో ఆధునిక తుంటి మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ. 1972లో తన దీర్ఘకాలిక ఫలితాలను ప్రకటిస్తూ రోగులను మూడు వర్గాలు చేశాడు. ఒక తుంటి మాత్రమే చెడి మిగతా శరీరం బాగున్నవారు మొదటి వర్గం, రెండు తుంటులూ చెడినవారు రెండవది, మరేదైనా కారణం నడకకు అడ్డువచ్చేవారు మూడవది. కీళ్ళవాతం, గుండెజబ్బు, వార్ధక్యం, పాడైన మోకాలు ఈ మూడవ వర్గంలోకి వస్తాయి. తుంటి ఎంత బాగుపడినా వీరి నడక బాగుపడనందున నడక అంకెలకు వీరిని లెక్కించరాదన్నాడు. శాస్త్రదృష్టితో ఇది నిజాయితీగల నిర్ణయం. దాని పర్యవసానం మాత్రం ఆలోచింపదగినది. జారిపడి తుంటి విరిగిన వృద్ధులలో అధికసంఖ్యాకులు ఈ మూడవ వర్గానికే చెందుతారు. వారి మోకాలు లెక్కనుంచి తప్పుకొంది.

వృద్ధురాలి మోకాలు అనే ఒక్క మాట

నడక లెక్కలోకి రాని ఈ వర్గాన్నే కేంద్రంగా తీసుకొన్న ఉద్యమం మరోవైపునుంచి వచ్చింది. 1935లో లండన్ శివారులోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్, ఇక లేవరని వదిలేసిన వందలాది వృద్ధులను ఒక్కొక్కరినీ మళ్ళీ పరీక్షించి, కారణాలు వేరుచేసి, చాలామందిని మంచం దింపింది. ఆమె వేసిన దారిలో హేస్టింగ్స్ పట్టణంలో శస్త్రవైద్యుడు మైకేల్ డెవాస్, వృద్ధవైద్య నిపుణులతో కలిసి తుంటి విరిగినవారికి ఉమ్మడి వార్డు నడిపాడు. శస్త్రచికిత్స మరునాడే రోగిని నిలబెట్టాలన్నది అక్కడి నియమం. నిలబెట్టాలంటే ఏ కీలు నిలవనివ్వడం లేదో తెలుసుకోవాలి గనుక మోకాలు మళ్ళీ పరీక్షకు వచ్చింది.

అలా పరీక్షించినప్పుడు తేలినది, ఒక్క పేరు కింద అనేక కారణాలున్నాయని. తుంటినుంచి దిగే నొప్పి ఒకటి. మేకు తల లోపలికి చొచ్చుకుపోయినా, ఎముక తలకు రక్తం అందక కుంగినా మొదట మోకాలే చెప్పవచ్చు. పడినప్పుడు మోకాటికే తగిలిన దెబ్బ మరొకటి. తుంటి బాధలో అది మరుగునపడి, నడక మొదలయ్యాక బయటపడుతుంది. తొడ ముందు కండరం క్షీణించి మోకాలిచిప్ప పట్టుతప్పడం ఇంకొకటి. ముందునుంచీ ఉన్న అరుగుదల సరేసరి. వీటికి తోడు 1962లో డేనియల్ మెకార్టీ, ఆయన సహచరులు స్ఫటికాల ఆధారంగా గుర్తించిన నకిలీ గౌటు ఉంది. శస్త్రచికిత్స జరిగిన కొద్దిరోజులకు మోకాలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, జ్వరం రావచ్చు. చీము పట్టిందేమోనన్న భయంతో తుంటి గాయాన్ని అనుమానించేలోపు మోకాటినుంచి నీరు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే సంగతి తెలుస్తుంది.

తెలుగునాట ఈ చరిత్రకు రెండు ప్రత్యేకతలు చేరాయి. మొదటిది కట్టువైద్యం. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు పేరు తెలుగు, తమిళ, కన్నడ సీమలలో తెలియనివారు తక్కువ. ముంజేయి, పిక్క ఎముకలకు వెదురుబద్దల కట్టు చూపిన ఫలితమే తుంటికీ దక్కుతుందన్న నమ్మకం జనంలో బలంగా ఉండేది. కాని కండల లోతున, కీలు తొడుగు లోపల విరిగిన ఎముకను పైనుంచి ఏ బద్దా పట్టి ఉంచలేదు. కట్టుకోసం కదలకుండా గడిపిన వారాలు మోకాటిని బిగించాయి. 1960వ దశకంలో హైదరాబాదులో ఏర్పడిన నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, నేటి నిమ్స్‌కు పూర్వరూపం, ఎముకలకు ప్రత్యేక వైద్యాలయం ఉండాలన్న భావనను ఈ ప్రాంతంలో నిలబెట్టింది.

రెండవది కూర్చొనే అలవాటు. ఐరోపాలో పుట్టిన కొలమానాలు కుర్చీలో కూర్చోవడాన్ని అడుగుతాయి. తెలుగు ఇంటిలో పీటమీద భోజనం, నేలమీద పూజ, నమాజు, గొంతుకూర్చొనే మరుగుదొడ్డి నిన్నమొన్నటి నిత్యకృత్యాలు. కృత్రిమ తల అమర్చినవారిని తుంటి జారకుండా నేలమీద కూర్చోవద్దంటారు. తుంటిని వంచకుండా పల్లపు చోటునుంచి లేవాలంటే ఆ పని మోకాటిమీద, అందులోనూ విరగని కాలి మోకాటిమీద పడుతుంది. శస్త్రచికిత్స జరిగిన కాలికంటే రెండవ మోకాలు ఎక్కువ నొస్తుందని వృద్ధులు చెప్పడంలో వింత లేదు.

భాష కూడా ఇక్కడ తన పాత్ర నిర్వహించింది. తెలుగువాడు తుంటి అన్నప్పుడు పక్కకు పొడుచుకువచ్చిన ఎముకను చూపిస్తాడు. అసలు కీలు గజ్జకు వెనుక లోతున ఉంది. ఆ కీలులో నొప్పికి వాడుకలో విడి మాట లేదు. అందుకే తొడ లాగుతోందని, మోకాలు పీకుతోందని చెబుతారు. గుజ్జు అరగడమన్న మాటకు మోకాటితో పెనవేసుకొన్న బలమైన ప్రాచుర్యం ఉంది. తుంటినుంచి దిగినది, మోకాటికి తగిలినది, కండ క్షీణించి వచ్చినది, స్ఫటికాలు పేరుకొని వచ్చినది అన్నీ ఆ ఒక్క మాటలోకి చేరిపోతాయి. మొదటిదానికి తుంటి ఎక్స్‌రే, రెండవదానికి మోకాటి ఎక్స్‌రే, మూడవదానికి వ్యాయామం, నాలుగవదానికి కీలునీటి పరీక్ష కావాలి. కేసుషీటులో మాత్రం నాలుగూ మోకాటి నొప్పి, వయసు 75 అన్న ఒక్క పంక్తిగానే నమోదవుతాయి.